ప్రజ్ఞాపూర్‌లో కేకు

హైదరాబాదు నుంచి కరీంనగరం బస్సెక్కినవారు ప్రజ్ఞాపూర్‌ను ఎరగకుండా ఉండరు. శామీర్‌పేట చెరువు దాటి, మొత్తంమీద ఓ 60 కిలోమీటర్లు పోయేసరికి కూడలి వస్తుంది. ఎడమకు తిరిగితే గజ్వేలు; తిన్నగా పోతే సిద్దిపేట. పేరు వింటే ఏ తర్కపండితుల అగ్రహారమో అనుకుంటాం. తీరా దిగితే టీ కొట్లూ, హోటళ్ళూ, లారీల మోతా! 2016 అక్టోబరులో సిద్దిపేట జిల్లా ఏర్పడేవరకు ఇది మెదక్ జిల్లాలోని ఊరు.

ఆ మోత ఆగిపోవడం కూడా నేను చూశాను. 2020 మార్చి 21న మా అక్కను చూసి వద్దామని వెళ్ళాను. మర్నాడు జనతా కర్ఫ్యూ, ఆపైన లాక్‌డౌను. రెండు రోజుల చుట్టాన్ని నెలరోజుల చుట్టాన్నయ్యాను. అంత పెద్ద రహదారిమీద పట్టపగలు కోళ్ళు తీరిగ్గా గింజలేరుకునేవి.

ఏప్రిల్ 18న మా మేనకోడలి కూతురికి అయిదేళ్ళు నిండాయి. తండ్రి దుబాయిలో పనిచేస్తున్నాడు. పుట్టినరోజుకు వస్తాననీ, వస్తూ కేకు తెస్తాననీ మాటిచ్చాడు. విమానాలే ఆగిపోయాయి. ఆ పిల్లకు నాన్నా కేకూ ఒకే మాటగా ముడిపడి ఉన్నాయి. ఒకటి రాదని నచ్చజెప్పవచ్చు. రెండూ రావంటే ఎలా? బేకరీకి తాళం. ఇంట్లో ఓవెను లేదు. పైగా ఆ రోజు శనివారం.

“ఇయ్యాల నా పొయ్యిమీద గుడ్డు పెట్టనియ్య” అంది అక్క.

“గుడ్డు లేకుంటే పొంగుతదా అమ్మా?” అని మేనకోడలు నావైపు చూసింది. “నువ్వన్న చెప్పు మామా!”

తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి, నేనేం చెప్పను? అయితే ఒక సంగతి చదివి ఉన్నాను. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ నగరంలో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే మందుల వ్యాపారి ఉండేవాడు. అతని భార్యకు గుడ్లు పడవు, రొట్టె పొంగించే ఈస్టూ పడదు. ఆవిడకోసం 1843లో అతను బేకింగ్ పౌడరు తయారుచేశాడు. అంటే సోడా, దానికో పులుపు. తడి తగలగానే రెండూ కలిసి వాయువు పుట్టి పిండిని లేపుతాయి. ఇది చెప్పగానే అక్క తేలిగ్గా, “పులుపే గావాల్నంటే ఇంట్ల పెరుగు లేదా తమ్మీ?” అంది.

మేనకోడలు రెండు గ్లాసుల గోధుమపిండిలో అరచెంచా తినే సోడా, చిటికెడు ఉప్పు, ఏలకుల పొడి కలిపి రెండుసార్లు జల్లించింది. వేరే గిన్నెలో గ్లాసు పెరుగు, గ్లాసు చక్కెరపొడి, అరగ్లాసు మంచినూనె గిలక్కొట్టింది. ఆ రెండింటినీ కలిపి, ఇడ్లీపిండిలా జారేటట్టు కాసిని పాలు పోసింది. సోడా తడిశాక పిండిని నిలవ ఉంచకూడదు. పుట్టిన వాయువు పొయ్యి ఎక్కకముందే జారుకుంటుంది.

ఇక ఓవెను. పక్కింటివారు ఇల్లు కట్టుకోవడానికి పోసుకున్న ఇసుక అడిగి తెచ్చి, కడిగి ఎండబెట్టారు. దళసరి డేగిసాలో రెండంగుళాల మేర ఆ ఇసుక పోసి, మూత పెట్టి, పది నిమిషాలు కాగనిచ్చారు. మధ్యలో ఇనుప కుదురు, దానిమీద నూనె రాసి పిండి చల్లిన గిన్నె, పైన బరువైన మూత. సన్నని సెగ. ఇసుక వేడిని పట్టి ఉంచి నలువైపులా సమంగా పంచుతుంది. మంగలంలో ఇసుక కాచి పేలాలు వేయించిన మా అక్కలాంటివాళ్ళకు ఇది ఒకరు నేర్పవలసిన విద్య కాదు. అన్నట్టు, సర్వలో తట్టి కాల్చేది సర్వపిండి; ఆ లెక్కన మా వంటకాన్ని డేగిసాపిండి అనాలి!

ఉన్నవాటితో సరిపెట్టుకోవడం ఈ దేశపు కేకుకు పుట్టుకతో వచ్చిన గుణమే. 1883లో తలశ్శేరిలో మర్డాక్ బ్రౌన్ అనే తోటల దొర ఇంగ్లండు కేకు ఒకటి చూపించి, అలాంటిది చెయ్యమని మంబళ్ళి బాపుకు పురమాయించాడట. ఫ్రెంచి బ్రాందీ పొయ్యమంటే బాపు నాటు పళ్ళసారా పోశాడనీ, దొర మెచ్చుకుని మరో డజను చెయ్యమన్నాడనీ అక్కడ చెప్పుకుంటారు.

అరగంట దాటింది. పిల్ల మూత తియ్యమని ఒకటే గొడవ. మధ్యలో తీస్తే కేకు కుంగిపోతుంది. వాళ్ళమ్మ ఆ పిల్లను పెరట్లోకి తీసుకుపోయింది. ముప్పావుగంటకు పుల్ల గుచ్చి చూస్తే పొడిగా వచ్చింది. రంగు బెల్లం రంగు; నడినెత్తిన చిన్న పగులు. బేకరీ నునుపు లేదు గాని వాసనకు పక్కింటి పిల్లలు గోడ దగ్గరికి వచ్చేశారు.

సాయంత్రం ఏడుగంటలకు ఫోనులో తండ్రి కనబడ్డాడు. దుబాయి గడియారం గంటన్నర వెనక; అక్కడ ఇంకా అయిదున్నరే. పిల్ల కత్తి పట్టుకుని, “నాన్నా, నువ్వు పంపినవా?” అంది. అతను ఒక్క క్షణం తడబడి, మా అందరి మొహాలూ చూసి, “అవు బిడ్డా” అన్నాడు.

మేనకోడలు లోపలికి వెళ్ళిపోయింది. అక్క మాత్రం కేకు ముక్క నోట్లో వేసుకుని, “ఏలకులు ఎక్కువైనయి” అంది.

చల్లారిన ఇసుకను పారబోయబోతే అక్క నా చెయ్యి పట్టుకుంది. మళ్ళీ జల్లించి, డబ్బాలో పోసి, అటకమీద పెట్టించింది. అల్లుడు వచ్చిననాడు కావాలి గదా!