పొగ పరీక్ష తప్పిన అంబాసిడర్

విజయవాడ వంద అడుగుల రోడ్డు దిగి ఆటోనగర్ లోపలికి వెళితే కుడీ ఎడమా లారీలే. క్యాబిన్ ఊడదీసినవి, ఛాసిస్ మీద కొత్త బాడీ ఎక్కుతున్నవి, రంగు ఆరుతున్నవి. ఆ లోపలి వీధుల్లో ఒకచోట, లేత్ షెడ్డుకీ రేడియేటర్లు బాగుచేసే కొట్టుకీ నడుమ, అంబాసిడర్లూ ఫియట్లూ తప్ప వేరే బండి ముట్టుకోని షెడ్డొకటి ఉందని మా బాబాయికి ఎవరో చెప్పారు. ఆయన 1986 మార్క్-4 అంబాసిడర్ పొల్యూషన్ టెస్టులో తప్పింది. నేను తోడు వెళ్లాను, సగం సరదాకే.

రోడ్డు పక్కన ఓమ్నీ వ్యాన్‌లో మిషన్ పెట్టుకు కూర్చునే కుర్రాడు ఇచ్చిన చీటీ బాబాయి చొక్కా జేబులోనే ఉంది. కార్బన్ మోనాక్సైడ్ 5.2 శాతం, హైడ్రోకార్బన్లు 1,850 పీపీఎం. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 115వ రూలు ప్రకారం, భారత్ స్టేజ్-2 కంటే ముందు కాలపు పెట్రోలు కారు ఐడ్లింగ్‌లో 3 శాతం, 1,500 పీపీఎం దాటకూడదు. స్టేజ్-2, స్టేజ్-3 బళ్లకైతే ఆ హద్దులు 0.5, 750.

"ముసలి బండిరా ఇది, ఈ లెక్కలకి ఎక్కడ ఆగుతుంది?" అని బాబాయి దారి పొడుగునా గొణుగుతూనే ఉన్నారు. నాకు ఆ మాట నచ్చలేదు. వయసుకి ఇవ్వాల్సిన రాయితీ రూల్లోనే ఇచ్చేశారు కదా, అదీ కార్బన్ మోనాక్సైడ్‌కైతే ఆరింతలు! మన దేశంలో క్యాటలిటిక్ కన్వర్టర్లు తప్పనిసరి అయింది 1995లో, అదీ ముందు నాలుగు మహానగరాల్లో. అంతకు ముందు బండి కాబట్టే దీన్ని 3 శాతం దాకా వదిలేశారు. ఇంజన్ ఒళ్లు బాగుంటే, కన్వర్టర్ లేకపోయినా, కంప్యూటర్ లేకపోయినా, ఒక్క స్క్రూడ్రైవరుతో ఆ హద్దులోపలికి తేవచ్చు. అంత సడలింపు ఉండి కూడా తప్పిందంటే అది వయసు కాదు, జబ్బు.

మేస్త్రీకి అరవై దాటి ఉంటాయి. బండి ఆపకుండా అలాగే ఉంచమని చెయ్యి చూపించి, బానెట్ వైపు రాకుండా వెనక్కి వెళ్లారు. పాత కేలెండర్ కాగితం ఒకటి చింపి సైలెన్సర్ గొట్టం ముందు పట్టుకున్నారు. కాగితం టపటపా బయటికే కొట్టుకుంటోంది, నడుమ నడుమ తాళం తప్పుతోంది. వాల్వు కాలిపోయి ఉంటే తాళం తప్పినప్పుడల్లా కాగితం గొట్టంలోకి పీల్చుకున్నట్టు అతుక్కుంటుందట. ఇది అతుక్కోవడం లేదు. "హెడ్డు విప్పే పని ఉండకపోవచ్చు మాస్టారూ" అన్నారు. బాబాయి మొహం కాస్త తేటపడింది.

"ఈ మధ్య ఎవరికైనా చూపించారా?"

"చూపించాను మేస్త్రీ. మిస్ కొడుతోందంటే కార్బ్యురేటర్ ట్యూనింగ్ చేశాడు. కొన్నాళ్లు బాగానే ఉంది."

"అంతకు ముందు?"

"సైలెన్సరు మార్పించాను. ఇంజన్ దగ్గర ఇనప గొట్టం కూడా పగిలిందన్నారు. సెకండ్ హ్యాండ్‌ది తెచ్చి వేశారు."

మేస్త్రీ తల ఊపారు. అంతే, ఇంకేమీ అడగలేదు.

స్లో స్పీడ్‌లో ఇంజన్ పడే అవస్థ అప్పుడు తీరిగ్గా చూశాను. నాలుగు అడుగులు సవ్యంగా వేసి ఐదో అడుగులో కాలు మడతపడే మనిషిలా ఉంది. ఆ కుదుపుకి గేర్ రాడ్డూ, తలుపు అద్దాలూ గలగలలాడుతున్నాయి. యాక్సిలరేటర్ కొంచెం నొక్కితే మాత్రం అన్నీ మాయం, ఇంజన్ శుభ్రంగా పాడుతుంది. చాలామంది ఇక్కడే బోల్తా పడి, స్లో స్పీడ్ పెంచేసి ఊరుకుంటారు.

ఈ ఇంజన్ గురించి ఒక మాట. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి మన ఉత్తరపారాకి వచ్చిన బండిలో ఉన్నది బీఎంసీ బి-సిరీస్, 1489 సీసీ. ఇంగ్లండులో ఇదే ఇంజన్‌ని రెండు కార్బ్యురేటర్లతో ఎం.జి.ఏ. స్పోర్ట్స్ కారులో పెట్టారంటే మన టాక్సీ డ్రైవర్లు నమ్మకపోవచ్చు. దీని కట్టడంలో ఒక విచిత్రం ఉంది: సిలిండర్లు నాలుగైనా హెడ్డులోకి గాలీ పెట్రోలూ వెళ్లే దారులు రెండే. ఒకటీ రెండూ సిలిండర్లకి ఒక దారి, మూడూ నాలుగూ సిలిండర్లకి ఇంకొకటి. ఆ రోజు పంచాయితీ తేల్చింది ఆ కట్టడమే.

మేస్త్రీ ముందు ప్లగ్గులకి కరెంటు పంచే డెల్కో మూత తీశారు. "పెట్రోలు జోలికి చివర్న వెళ్లాలి బాబూ. ముందు కరెంటు, తర్వాత కంప్రెషన్, ఆ తర్వాత గాలి" అని నాకు చెప్పారు. పాయింట్ల మధ్య ఉండాల్సిన సందు 15 థౌ, అంటే అంగుళంలో వెయ్యింట పదిహేను వంతులు. ఫీలర్ గేజ్‌లో 9 థౌ రేకు కూడా బిగువుగా దూరింది. పాయింట్ మడమ అరిగితే సందు మూసుకుపోతుంది, అవి ఆలస్యంగా తెరుచుకుంటాయి, నిప్పురవ్వ వెనకబడుతుంది. కొత్త పాయింటూ కండెన్సరూ వేసి, టైమింగ్ లైటుతో సరిచూశారు. మోత కాస్త మెరుగైంది కానీ కుంటడం పోలేదు.

అప్పుడు చెక్క పిడి పట్టకారుతో ప్లగ్ వైర్లు ఒక్కొక్కటే పీకి చూశారు. ఒకటో వైరు తీస్తే ఇంజన్ ఆగిపోబోయింది. రెండోది తీసినా అంతే. మూడో వైరు పీకితే పెద్దగా తేడా లేదు. నాలుగోది పీకితే అసలు పీకినట్టే లేదు. ప్లగ్గులు విప్పి రేకు మీద వరసగా పెట్టారు. మొదటి రెండూ మసిబారి నల్లగా ఉన్నాయి, వేలితో తుడిస్తే కాటుకలా అంటింది. చివరి రెండూ సుద్దలా తెల్లగా పాలిపోయాయి. ఒకే కార్బ్యురేటర్, ఒకే పెట్రోలు. సగం ఇంజన్ తిండి ఎక్కువై, సగం ఇంజన్ తిండి చాలక బాధపడుతోంది!

మూడుకీ నాలుగుకీ మధ్య హెడ్ గ్యాస్కెట్ పోయినా రెండూ కలిసి నీరసిస్తాయి. అందుకని కంప్రెషన్ గేజ్ పెట్టి చూశారు. నాలుగింటిలోనూ 120 పౌండ్ల పైచిలుకే వచ్చింది. 2000 ఫిబ్రవరిలో సీసం కలిపిన పెట్రోలు దేశమంతటా ఆగిపోయాక ఈ పాత ఇనప హెడ్డుల్లో వాల్వు సీట్లు అరుగుతాయన్న భయం ఉంది కాబట్టి ట్యాపెట్లు కూడా చూశారు. అవీ సరిగ్గానే ఉన్నాయి. ఇక మిగిలింది గాలి.

వాక్యూమ్ గేజ్ గొట్టం మేనిఫోల్డుకి తగిలించారు. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్‌కి ముల్లు 18-20 అంగుళాల దగ్గర నిలబడాలి. ఇది 14 దగ్గర వణుకుతోంది. మేస్త్రీ ఒక సిరంజీలో నీళ్లు తీసుకున్నారు. కొందరు ఈ పనికి పెట్రోలు చల్లుతారు, కానీ అంబాసిడర్‌కి ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ రెండూ ఒకే పక్కన ఉంటాయి. కాలే ఇనుము మీద పెట్రోలు చల్లే ధైర్యం మెచ్చుకోదగ్గది కాదు. కార్బ్యురేటర్ అడుగున నీళ్లు చిమ్మారు, తేడా లేదు. డెల్కోకి వెళ్లే సన్నటి వాక్యూమ్ గొట్టం చివర చిమ్మారు, తేడా లేదు. మేనిఫోల్డు ముందు కొసన చిమ్మారు, అక్కడా లేదు. వెనక కొసన, ఫైర్‌వాల్ వైపు చిమ్మేసరికి 'సుర్ర్' మని నీళ్లు లోపలికి లాక్కుపోయి, రెండు క్షణాలు ఇంజన్ మోత మారింది, ముల్లు పైకి ఎగిరింది. నీళ్లు అయిపోగానే మళ్లీ యథాప్రకారం.

మేనిఫోల్డు విప్పితే కథంతా బయటపడింది. ఇన్‌లెట్‌కీ ఎగ్జాస్ట్‌కీ గ్యాస్కెట్ ఒకటే. వాటిని పట్టి ఉంచే మందపాటి వాషర్లు సగం దాని అంచు మీద, సగం దీని అంచు మీద కూర్చుంటాయి. రెండు అంచుల మందం సమానంగా ఉంటేనే ఆ వాషరు రెండింటినీ నొక్కుతుంది. బాబాయి వేయించిన సెకండ్ హ్యాండ్ ఎగ్జాస్ట్ అంచు ఇన్‌లెట్ అంచు కంటే మందం. నట్టు ఎంత బిగించినా వాషరు ఎగ్జాస్ట్‌నే నొక్కుతోంది, ఇన్‌లెట్ కొస వదులుగా ఉండిపోయింది. వాషరు మీద సగం చంద్రుడిలా ఒక పక్కే మెరుగు తేలి ఉంది. గ్యాస్కెట్ మీద ఇన్‌లెట్ వైపు నొక్కుడు గుర్తే లేదు.

స్లో స్పీడ్‌లో కార్బ్యురేటర్ రేకు దాదాపు మూసుకుని ఉంటుంది. ఇంజన్ పీల్చే గాలి తక్కువ, పీల్చే బలం ఎక్కువ. అప్పుడు ఈ సందులోంచి దూరే దొంగగాలి వాటా పెద్దది, మూడూ నాలుగూ సిలిండర్లలో మిశ్రమం పలచబడి అంటుకోదు. అంటుకోని పెట్రోలు ఆవిరే మిషన్‌కి హైడ్రోకార్బన్లుగా దొరికింది. రేకు తెరిస్తే అసలు గాలి ముందు దొంగగాలి లెక్కలోకి రాదు, అందుకే నొక్కితే బాగుండేది. ఆ ట్యూనింగ్ చేసినాయన కుంటడం ఆపడానికి మిక్చర్ స్క్రూ వదులు చేసి పెట్రోలు పెంచాడు. వెనక సిలిండర్లకి కాస్త ఊపిరి వచ్చింది, ముందు రెండూ మసి కక్కాయి. కార్బన్ మోనాక్సైడ్ 5.2కి ఎక్కింది అందుకే. చీటీ మీది రెండు అంకెలకీ మూలం ఒకే వాషరు.

ఇంత తేలాక కూడా బాబాయి నెపం ఇథనాల్ మీద వేశారు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు కాబట్టి తప్పంతా దానిదేనని ఆయన వాదం. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది, పాత జెట్టుతో మిశ్రమం ఇంకా పలచబడుతుంది. కాబట్టి కార్బన్ మోనాక్సైడ్ తగ్గాలే తప్ప పెరగకూడదు. ఆ నేరం దాని మీద నిలవదు. పాత రబ్బరు సంగతి వేరు. పెట్రోలు పంపు దగ్గర హోసు వేళ్లతో నొక్కితే మెత్తబడి ఉబ్బి ఉంది. మేస్త్రీ మారుమాట లేకుండా దాన్ని కోసి అవతల పడేశారు.

ఆటోనగర్ గొప్పతనం ఇలాంటప్పుడే తెలుస్తుంది. పక్క షెడ్డులోనే రెండు అంచులనీ కలిపి ఒకే మట్టానికి గ్రైండింగ్ పట్టించారు, వీధి మలుపులో గ్యాస్కెట్ దొరికింది. అన్నీ బిగించి స్టార్ట్ చేస్తే ముల్లు 19 దగ్గర మేకు కొట్టినట్టు నిలబడింది. అప్పుడు గానీ మేస్త్రీ కార్బ్యురేటర్ మీద స్క్రూడ్రైవర్ పెట్టలేదు. మిక్చర్ స్క్రూ లోపలికి తిప్పుతూ పోయి, ఇంజన్ తడబడగానే కొంచెం వెనక్కి తీసి వదిలేశారు.

సైలెన్సర్‌కి చిల్లి పెడితే బయటి గాలి కలిసి అంకెలు తగ్గుతాయని, కొందరు అలా గట్టెక్కుతారని మేస్త్రీ నవ్వుతూ చెప్పారు. మిషన్ ఆక్సిజన్‌ని కూడా కొలుస్తుంది కాబట్టి, చూసేవాడికి కళ్లుంటే ఆ దొంగతనం అక్కడే పట్టుబడుతుంది. మాకు ఆ అవసరం రాలేదు. అదే ఓమ్నీ వ్యాన్ దగ్గర, అదే కుర్రాడు గొట్టంలో ప్రోబ్ పెడితే కార్బన్ మోనాక్సైడ్ 2.1, హైడ్రోకార్బన్లు 640 వచ్చాయి. ఆరు నెలలు చెల్లే సర్టిఫికెట్ చేతికొచ్చింది.

బండికి యాభై ఏళ్లు నిండితే 2021 రూల్స్ కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించవచ్చు, 2036లో చేయిస్తానని బాబాయి అన్నారు. అలా చేయిస్తే మామూలు పనులకి రోజూ రోడ్డెక్కించకూడదని చెప్పాను. "అయితే ఎందుకురా అది?" అన్నారు. మేస్త్రీ డబ్బు లెక్కపెట్టుకుంటూ ఆయన్ని ఆపి, ఐదొందల కిలోమీటర్లు తిరిగాక ఇంజన్ పూర్తిగా చల్లారనిచ్చి మేనిఫోల్డు నట్లు ఇంకోసారి బిగించాలని, అప్పటిదాకా ఎవరు చెప్పినా కార్బ్యురేటర్ స్క్రూ ముట్టనివ్వొద్దని రెండుసార్లు చెప్పారు.