హితవు – హృదయము

రాయపూరులోని డబ్ల్యూఆర్ఎస్ కాలనీకి ఆ పేరు రైల్వేవారి వాగన్ రిపేర్ షాపును బట్టి వచ్చినది. 1931లో విజయనగరమునుండి రాయపూరునకు రైలుమార్గము పూర్తియైన పిమ్మట ఉత్తరాంధ్రమునకు ఈ ఊరు దగ్గరయైనది. కాలనీలో తెలుగు మాట నేటికిని వినబడును. ఇచ్చటి కార్మికుడు జాకీలపై ఎత్తిన వాగను క్రిందికి దూరుటకు ముందు దాని ఆధారములను సరిచూచుకొనును. ఒకరు చెప్పవలసిన పనిలేదు; ఆ బరువు కంటికి కనబడుచున్నది. అట్టివానినే యింటివద్ద నీరు కాచి త్రాగుమన్నచో నవ్వి యూరకుండవచ్చును. వానిని మూర్ఖుడనుట తేలిక. కనబడని ముప్పును బుద్ధి యొప్పుకొన్నను గుండె యొప్పుకొనదు. చేయి గుండె వెంటనే పోవును.

ఉత్తరాంధ్రపు పల్లెలలో ఒకప్పుడు మశూచిని వ్యాధియని పలుకుటకే జంకెడివారు. "అమ్మవారు పోసినది" అనుటయే మర్యాద. వాకిట వేపమండ కట్టిన యింట పరులు అడుగిడెడివారు కారు. వైద్యుడు కోరు ఏకాంతము ఆ విధముగ, ఏ ఉత్తరువును లేకయే, భక్తివలన సమకూడెడిది. కాని టీకాలవాడు వచ్చినప్పుడు తలుపు మూసినదియు ఆ భక్తియే. తల్లి యింట నుండగా సూది పొడిపించుకొన్నచో ఆమె కోపగింపదా? కాపాడిన భావమే అడ్డునిలిచినది. దానిని మూఢత్వమని యీసడించినందువలన తెరచుకొన్న తలుపు ఒక్కటియు నుండదు. 1975లో ఈ దేశమున మశూచి అంతరించినది. అందులకై జట్లు ఇంటింటికి తిరిగినవి. బలవంతముగ టీకాలు వేసిన సందర్భములును లేకపోలేదు.

బలవంతమునకు ఫలమేమో 1897లో పూనా చూచినది. ప్లేగు నణచుటకు సైనికులు ఇండ్లలో చొరబడి సోదాలు చేసిరి. పరిశుభ్రత మంచిదే, అవమానము నోర్వని జనులు రోగులను దాచసాగిరి. ఆ యేడు జూన్ 22న ప్లేగు అధికారి ర్యాండుపై కాల్పులు జరిగినవి.

2020లో కోవిడ్ వచ్చినప్పుడు భయమునకు కొఱత లేదు. ఐనను భయము చిత్రమైనది: కొందరిచే ముఖమునకు గుడ్డ కట్టించినది, కొందరిచే జ్వరమును దాపించినది. పొరుగువారు వెలివేయుదురేమో యను బెదురు రోగపు బెదురును మించినచోట పరీక్షకు ఎవరు పోవుదురు? 2021 జనవరి 16న టీకాలు మొదలైన పిదప సూదిపైకే అనుమానము మరలినది.

ఛత్తీస్‌గఢ్‌లో 2002లో మొదలైన ఆరోగ్య కార్యకర్తల వ్యవస్థకు "మితానిన్" అని పేరు. నేస్తురాలని దాని యర్థము. అచ్చటి పల్లెలలో మితాన్ కట్టుట యనగా, ఉత్తరాంధ్రులు నేస్తము కట్టుట వంటిదే, చుట్టరికముతో సమానము. ఆ పేరు పెట్టినవారు మనుష్యుల నెఱిగినవారు. గోడమీది ప్రకటనను చదివియు కదలని గృహిణి, అరుగుపై కూర్చున్న మితానిన్‌తో తన బెంగను చెప్పుకొనును: "దీదీ, సూది వేయించుకొన్న జ్వరము వచ్చునట గదా, మఱునాడు పనికి పోవుటెట్లు?" జ్వరము రెండు దినములలో తగ్గుననియు, సెలవునాటి ముందుదినమున వేయించుకొమ్మనియు చెప్పిన పిదప, ఇంక ఆమె యడుగునది శిబిరము ఎచ్చట నున్నదనియే.