ఉసిరిచెట్టు నీడలో ‘ఎమ్మా’

ఆరుబయట భోజనం అనగానే సొగసైన వెదురుబుట్టలనూ, పచ్చికపై పరచిన తెల్లని దుప్పట్లనూ ఊహించుకునేవారు ఇంగ్లీషు నవలలు విరివిగా చదివినవారై ఉంటారు. నేనూ ఆ కోవకు చెందినదాన్నే. అయినా మా కార్తీక వనభోజనాల సరంజామా అంతా ఒక సంచిలో, ఒక కూజాలో ఇమిడిపోతుంది. పులిహోర, పెరుగన్నం, నాలుగు ఆవకాయ ముక్కలు, అరటిపళ్ళు, ఒక కట్ట విస్తళ్ళు, మంచినీళ్ళు. తెనాలి సమీపాన కాలువగట్టును ఆనుకుని బంధువుల తోట ఉంది. తోటలో ఉసిరిచెట్టు ఉంది. అంతకు మించి మాకేమీ అక్కరలేదు.

పెద్దలు ఈ మాసాన్ని ఊరికే ఎంచుకోలేదు. వానలు వెనుకబట్టి నేల ఆరుతుంది. చలి ఇంకా ముదరదు. జేన్ ఆస్టెన్ పాత్రలకు ఆ భాగ్యం లేదు. 1815 డిసెంబరులో వెలువడిన ‘ఎమ్మా’లో రెండు వనవిహారాలూ నడివేసవిలోనే జరుగుతాయి. మొదటిది డాన్‌వెల్ తోటలో స్ట్రాబెరీ పళ్ళు కోసుకునే వేడుక. చేత చిన్న బుట్టతో, వీలైతే గాడిదనెక్కి వచ్చి, చెట్లనీడన బల్ల వేయించుకుని ఆరగించాలని మిసెస్ ఎల్టన్ ముచ్చట. నౌకర్లూ సామానూ గల మర్యాదస్తులకు ఇంట్లో కూర్చుని తినడమే సహజమని గృహస్థు నైట్లీ వాదన. నైట్లీ ఎంత వివేకవంతుడైనా ఈ ఒక్క విషయంలో నేను మిసెస్ ఎల్టన్ పక్షమే, గాడిద మినహాయించి.

రెండవది సర్రే ప్రాంతపు బాక్స్ హిల్ మీద. ఏడు మైళ్ళు బండ్లలో వచ్చిన ఆ బృందానికి ఎండ, విసుగు తప్ప ఏమీ దక్కవు. కాలక్షేపానికి ఒక ఆట పెట్టుకుంటారు: ప్రతివారూ ఒక చమత్కారమైనా చెప్పాలి, లేదా మూడు పసలేని మాటలైనా చెప్పాలి. మిస్ బేట్స్ పేదరాలు, అవివాహిత. వృద్ధురాలైన తల్లితో కాలం వెళ్ళదీస్తూ ఎడతెగకుండా మాట్లాడుతుంది. మూడు పసలేని మాటలు తనకు సులువేనని ఆమె నవ్వుతుంది. ఒక్కసారికి మూడింటితో ఆపడమే మీకు కష్టమని ఎమ్మా అంటుంది.

భోజనాలయ్యాక మగవాళ్ళు కునుకు తీసే వేళ నవల చదవడం మా ఇంటి ఆనవాయితీ. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అప్పటికప్పుడు తెలుగు చేసి చెబుతాను. కిందటి కార్తీకంలో శ్రోతలు ఇద్దరే: ఇంటర్మీడియట్ చదువుతున్న మా అమ్మాయి, ఎనభయ్యో పడికి చేరువైన మా పెద్దమ్మ. పెద్దమ్మ చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుంది. అన్నదమ్ముల ఇళ్ళలోనూ, అక్కచెల్లెళ్ళ ఇళ్ళలోనూ పురుళ్ళు పోస్తూ, పచ్చళ్ళు పెడుతూ బతుకు గడిపింది. చింతపండు ధరతో మొదలుపెడితే ఆమె సంభాషణ 1977 నాటి దివిసీమ ఉప్పెన మీదుగా ఎవరి పెళ్ళిలోనో తేలుతుంది. మా కుర్రకారు ఆమెకు రేడియో అని పేరు పెట్టారు. ఆమెకు ఆ సంగతి తెలియదని వాళ్ళ నమ్మకం.

ఎమ్మా మాటను తెలుగు చేయడంలో ఒక చిక్కుంది. ఇంగ్లీషులో అందరికీ ఒకటే సంబోధన. తెలుగులో పెద్దావిడను ‘మీరు’ అనక తప్పదు. కానీ ఆ గౌరవవాచకం తగలగానే అవమానం మరింత పదునెక్కుతుంది. ‘నువ్వు’ అంటే మొరటుతనమయ్యేది. ‘మీరు’ అంటే నవ్వుతూ పొడిచినట్లవుతుంది. నేను ‘మీరు’ అనే చెప్పాను.

మా అమ్మాయి తల వంచుకుంది. పెద్దమ్మ విస్తళ్ళు మడుస్తున్నదల్లా ఆగింది. ఆమె అంతసేపు మౌనంగా ఉండగా నేనెన్నడూ చూడలేదు.

“ఆవిడకు ముసలి తల్లి ఉందన్నావు కదమ్మా. ఇంటికెళ్ళాక తల్లితో ఈ మాట చెప్పుకుందా?”

డిగ్రీ రోజుల నుంచి ఎన్నోసార్లు చదివిన నవల అది. నైట్లీ మందలింపు, ఎమ్మా కన్నీళ్ళు, మర్నాడు ఆమె వాళ్ళింటికి వెళ్ళడం, అన్నీ ఉన్నాయి. ఆ రాత్రి తల్లీకూతుళ్ళు ఏం మాట్లాడుకున్నారో మాత్రం లేదు.

“రాయలేదు, పెద్దమ్మా.”

“చెప్పి ఉండదులే. చెబితే ఆ ముసలి ప్రాణానికి నిద్ర పట్టొద్దూ?”

విస్తళ్ళు మళ్ళీ మడవసాగింది. మా అమ్మాయి లేచి ఆమె పక్కకు జరిగి, “పెద్దమ్మమ్మా, ఉప్పెననాడు నువ్వెక్కడున్నావు?” అని అడిగింది. మా ఇంట అందరికీ కంఠతా వచ్చిన కథే. కాలువ మీద ఎండ తగ్గేదాకా సాగింది. ఆ రోజు నేను మరో పేజీ తిప్పలేదు.