మామోగ్రామ్ గదిలో

“ఊపిరి బిగబట్టండమ్మా” అని టెక్నీషియన్ అనగానే, రాత్రంతయు కంటిమీద కునుకు రానీయక పీడించిన భయము యంత్రపు రెండు పలకల నడుమ నలిగి, కొన్ని క్షణములలోనే తీరిపోయినది.

నొప్పి లేదనను, ఉన్నది. ఆ పలకల చల్లదనమును గూర్చి మాత్రము ముందుగా ఎవరును చెప్పరు!

అదిమినకొలది కణజాలము పలుచబడి, చిత్రము స్పష్టమగుననియు, కిరణముల మోతాదు తగ్గుననియు ఆమె వివరించినప్పుడు, కారణమెరిగిన బాధ సగము బాధయే అనిపించినది.

బహిష్టు ముగిసిన తరువాతి వారమున వెళ్ళినచో సలుపు తక్కువట. ఆనాడు పౌడరు, డియోడరెంటు పూసికొనరాదు. అవి చిత్రమున మచ్చలుగా కనబడి వైద్యులను భ్రమపెట్టవచ్చును.

ఓర్వలేకున్నచో ఆపుమనుటకు సంకోచింపకుడు.

మీరెట్లు ధైర్యము తెచ్చుకొంటిరో క్రింద వ్రాయుడు. వచ్చే వారము మా వదిన వెళ్ళవలసియున్నది, చదివి వినిపించెదను.