కారు వైద్యం

మన సంఘంలో డాక్టర్లకు కొదవ లేదు, ఇంజనీర్లకు అంతకన్నా లేదు. కాని కారు బానెట్ ఎత్తి లోపల చెయ్యి పెట్టే ధైర్యం ఉన్నవాళ్ళు మాత్రం మొదటినుంచీ తక్కువే. నేను సివిల్ ఇంజనీరును. ఆ ధైర్యం నాకు ఒకసారి వచ్చింది. దాని ఫలితమేమయిందో సంపాదకులు అడిగారు గనుక మనవి చేసుకుంటున్నాను.

1978 నాటి సంగతి. అప్పుడు మేము ఓహాయో రాష్ట్రంలో టొలీడోలో ఉండేవాళ్ళం. ఆ ఏడు జనవరి 26న వచ్చిన మంచుతుపానును ఆ ప్రాంతంలో ఉన్నవాళ్ళెవరూ మరిచిపోలేరు. మా ఆవిడకు మార్చిలో పురుడు. ఆసుపత్రి ఊరికి ఆ చివర. మాకున్నది ఒకే ఒక పాత కారు: 1972 షెవ్రొలే ఇంపాలా, ఎనిమిది సిలిండర్లది. చలికి పొద్దున్నే స్టార్టు కావడానికి మొరాయించేది. ప్లగ్గులు మార్చి చాలా కాలమయింది. మెకానిక్కు ఇచ్చే కూలి మిగులుతుంది గదా అని, ఫిబ్రవరి ఆఖరులో ఒక శనివారం నేనే పూనుకొన్నాను.

పని సవ్యంగానే చేశాననుకొన్నాను. ఫీలర్ గేజి పెట్టి ప్రతి ప్లగ్గు సందూ 0.035 అంగుళం ఉండేటట్లు చూసుకొన్నాను. చేసిన తొందరపాటు ఒక్కటే. వేళ్ళు కొంకర్లు పోతున్నాయని, ఒక పక్కనున్న నాలుగు తీగలూ ఒకేసారి ఊడబీకి, ప్లగ్గులు బిగించి, తరువాత తీగలు తగిలించాను.

తాళం తిప్పాను. బండి పూనకం వచ్చినట్లు ఊగిపోయింది. వెనక గొట్టంలో దీపావళి టపాకాయలు. వీధి చివరిదాకా తోలి చూస్తే పికప్ అన్నది లేదు. కొత్త ప్లగ్గులే చెడ్డవనుకొన్నాను. విప్పి మళ్ళీ కొలిస్తే అన్నీ బాగానే ఉన్నాయి. పెట్రోలు సరిగా అందడం లేదేమోనని కార్బురేటరు మరలు రెండూ చెరొకవైపు తిప్పాను. అంతకుముందు ఊగుతూనైనా నడిచిన ఇంజను, ఇప్పుడు నిలబడటం కూడా మానేసింది.

ఆదివారమూ అలాగే గడిచింది. రాత్రి నొప్పులు వస్తే ఏమిటి గతి? రెండు మైళ్ళ దూరంలో మన తెలుగువారే, కారున్న స్నేహితుడు ఉన్నాడు. కాని శుక్రవారం నాడే ఆయన దగ్గర, "ఎనిమిది ప్లగ్గులు మార్చడానికి మెకానిక్కెందుకండీ" అని కోసి వచ్చాను. ఇప్పుడు ఫోన్ చెయ్యడానికి నామోషీ. ఇంట్లో నిండు చూలాలిని పెట్టుకొని నేను ఆలోచించింది నా పరువు గురించి. ఈనాటికీ అది తలచుకొంటే సిగ్గుగా ఉంటుంది.

మా ఆవిడ పుట్టబోయే బిడ్డకు చొక్కాలు కుడుతూ అడిగింది. "ఏమండీ, శనివారం పొద్దున కారు నడిచింది కదా?"

"నడిచింది."

"మరి మధ్యలో మీరు ముట్టుకొన్నవేవో అవే చూడండి. ముట్టుకోనివాటి జోలికి ఎందుకు పోయారు?"

"కార్ల సంగతి నీకేం తెలుసు?" అన్నాను.

"కార్ల సంగతి తెలియదు. మొన్న సూది మార్చాక కుట్టు తప్పింది. నేను మిషను విప్పలేదు. సూది తిరగేసి పెట్టానేమోనని చూసుకొన్నాను."

సోమవారం సెలవు పెట్టి, లైబ్రరీనుంచి మరమ్మతు పుస్తకం తెచ్చాను. ఆ ఇంజనులో డ్రైవరు వైపు ముందునుంచి వెనక్కు 1, 3, 5, 7 సిలిండర్లు, రెండో వైపు 2, 4, 6, 8. అవి మండే వరస 1-8-4-3-6-5-7-2. మరలు అందాజుగా వెనక్కు తిప్పి ఇంజను నిలబెట్టాను. రబ్బరు తొడుగున్న పట్టకారుతో, నడుస్తున్న ఇంజనులో ఒక్కొక్క తీగే తీసి పెట్టాను. బాగా మండే సిలిండరు తీగ తీస్తే ఇంజను ఇంకా కుంటుతుంది. 5, 7 తీగలు తీస్తే మాత్రం ఏ మార్పూ లేదు. డిస్ట్రిబ్యూటరు మూతనుంచి ఆ రెంటినీ వేలితో తడుముకొంటూ వచ్చాను. అయిదు తీగ ఏడుకు, ఏడు తీగ అయిదుకు తగిలించి ఉన్నాయి! ఆ రెండూ పక్కపక్కనే ఉంటాయి, ఒకదాని వెంట ఒకటి మండుతాయి. అందుకని ఒకదానికి నిప్పు ముందుగానూ, రెండోదానికి ఆలస్యంగానూ అందుతోంది. తీగలు మార్చి, ఒకదాని నిప్పు రెండోదానిలోకి పాకకుండా వాటిని ఎడంగా పరిచాను.

అసలు రోగం రెండు నిమిషాల్లో కుదిరింది. కాని కార్బురేటరు మరలు ఎన్ని చుట్లు తిప్పానో లెక్కపెట్టుకోలేదు. నా వైద్యం తెచ్చిన రోగం కుదరడానికి గంట పట్టింది. సాయంత్రం స్నేహితుడికి ఫోన్ చేసి ఉన్నదున్నట్లు చెప్పాను. "అర్ధరాత్రయినా పిలవవలసిందండీ" అని కేకలేశాడాయన. మార్చి రెండో వారంలో ఒక తెల్లవారుజామున కారు ఒక్క తిప్పుకే లేచింది. మాకు ఆడపిల్ల పుట్టింది.

ఈనాటి కార్లలో ఆ పొడుగు తీగలు లేవు. చాలావాటిలో ప్రతి ప్లగ్గు నెత్తినా దాని కాయిల్ దానికే ఉంటుంది. అమెరికాలో 1996 నుంచి కొత్త కార్లన్నిటికీ, చిన్న యంత్రం తగిలిస్తే రోగం పేరు చెప్పే ఏర్పాటు ఉంది. పీ0305 అంటే అయిదో సిలిండరు సరిగా మండడం లేదని. కాని ఎందుకు మండడం లేదో అది చెప్పదు. ప్లగ్గు పింగాణీ పగిలిందో, తీసిన గొట్టం తిరిగి పెట్టడం మరిచామో మనమే చూసుకోవాలి.

మొన్న మా అమ్మాయి ఫోన్ చేసింది. తనే ప్లగ్గులు మార్చుకొందట, బండి ఊగుతోందట, ఇంజను దీపం ఆరుతూ వెలుగుతోందట. "దీపం అలా కొట్టుకొంటుంటే తోలవద్దు, మండని పెట్రోలు పోయి గొట్టంలోని కన్వర్టరు కాలిపోతుంది" అని నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. వాళ్ళమ్మ నా చేతిలో ఫోన్ లాక్కొని, "నువ్వు ముట్టుకొన్నవేవో అవే ముందు చూడమ్మా" అంది.

అయిదు నిమిషాల్లో మళ్ళీ ఫోన్ వచ్చింది. ఒక కాయిల్ క్లిప్పు పూర్తిగా నొక్కలేదట.