వెనక కూర్చున్న పరిశీలకులు

2016లో పెద్దపల్లి వేరే జిల్లా అయినా, ఈ ఊళ్ల నుంచి డీఎడ్ చదవాలనుకునే పిల్లల నోట ఇంకా కరీంనగర్ డైట్ కాలేజీ పేరే ముందొస్తుంది. ఆ రెండేళ్ల చదువులో 20 వారాలు బడిలోనే గడపాలని జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014లో నియమం పెట్టింది. మంచి నియమం. ఆ వారాలు ఎట్లా గడుస్తున్నాయన్నదే నా దిగులు. మొదటిరోజే తరగతి మొత్తం ముందు నిలబెట్టి, వెనక పరిశీలకులు రికార్డు పట్టుకొని కూర్చుంటే ఏ ట్రైనీకి గొంతు పెగులుతుంది?

ముందు హాజరు పిలవనివ్వాలి. పేర్లు నోటికొచ్చాక ఒక కథ చెప్పనివ్వాలి. తర్వాత నలుగురు పిల్లల్ని పక్కన కూచోబెట్టుకొని చదివించనివ్వాలి. చదవడం, రాయడం, లెక్కల పునాది కోసం రాష్ట్రంలో 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం కూడా పిల్లల స్థాయిని బట్టే చెప్పమంటుంది కదా. నిన్నటిదాకా అక్షరాల దగ్గరే ఆగిన పిల్లగాడు తన ఎదుటే ఒక వాక్యం కూడబలుక్కుంటే, ఆ ట్రైనీకి వచ్చే ధైర్యం ఏ పొగడ్తతోనూ రాదు.

ఇంకొకటి. పాఠం సరిగా సాగని రోజు బడి సారు ఆ సంగతి దాచొద్దు. పిల్లలు ఎక్కడ ఆగిపోయారు, రేపు ఎక్కణ్నుంచి మొదలుపెడదాం అని ట్రైనీని అడగాలి. ఒకే గదిలో రెండు మూడు తరగతులు నడిచే బళ్లల్లో ఈ ముచ్చట మరీ అవసరం. పరిశీలకులూ మార్కులు వేసేముందు సుద్దముక్క అందుకొని, అదే తరగతికి ఒక పాఠం చెప్పి చూపించాలని నా కోరిక.