ద్రీనా వెంట రెండు జనగణనలు

తారా, పీవా అనే కొండయేళ్లు మాంటెనెగ్రో సరిహద్దులో కలిసి ద్రీనా అవుతాయి. 346 కిలోమీటర్లు ఉత్తరంగా పారి సావా నదిలో పడుతుంది. దిగువ భాగమంతా బోస్నియాకూ సెర్బియాకూ ఎల్ల. ఆ ఎల్లనే చెరిపేయాలని 1992 మేలో బోస్నియా సెర్బుల అసెంబ్లీ తన లక్ష్యాల్లో ఒకటిగా రాసుకుంది. పశ్చిమ గట్టున బోస్నియాక్ ముస్లింలు ఉన్నంతకాలం అది కుదరదు. అప్పటికే ఊళ్లు ఖాళీ చేయించడం మొదలైంది.

మొదట వచ్చేది ఫోచా. 1991 జనగణనలో సగానికి పైగా ముస్లింలే. బోస్నియా సెర్బు సైనికులు వాళ్లను చంపారు, తరిమారు, అలజా మసీదును పేల్చారు, ఊరి పేరు స్ర్బిన్యె అని మార్చారు. పాత పేరు కోర్టు తీర్పుతో తిరిగొచ్చింది, మసీదు 2019లో మళ్లీ తెరుచుకుంది. బోస్నియాక్‌లు మాత్రం 2013 లెక్కకు పదో వంతైనా లేరు.

గొరాజ్దె ముట్టడికి లొంగలేదు. అక్కడ తగ్గింది సెర్బులు. ఒకప్పుడు నాలుగో వంతు ఉండేవారు, 2013 లెక్కకు నూటికి ఐదుగురు కూడా లేరు. వాళ్ల భాగాన్ని వేరే మునిసిపాలిటీగా కోసేశారు కూడా.

విషెగ్రాద్‌లో పదకొండు కమానుల వంతెన ఉంది. ఒట్టోమన్ వాస్తుశిల్పి సినాన్ కట్టినది, ఇవో ఆండ్రిచ్ నవలకెక్కినది. 1992లో దాని మీదే జనాన్ని చంపి నీళ్లలోకి తోశారు. 2010లో డ్యాం మరమ్మతుకని దిగువన పెరుచాట్స్ జలాశయం నీరు దించితే ఎముకలు బయటపడ్డాయి. ఊళ్లో 63 శాతం ఉన్న బోస్నియాక్‌లు పది శాతానికి దిగారు. వాళ్ల ఇళ్లలో చేరినవాళ్లందరూ తరిమినవాళ్లేనా? కాదు. 1996లో సారయెవో శివార్లు చేతులు మారుతున్నాయని వెళ్లిపోయిన సెర్బులూ ఉన్నారు. వాళ్లలో కొందరు తమవాళ్ల శవాలను సమాధుల్లోంచి తవ్వి వెంట తీసుకెళ్లారు. తిరిగొద్దామనుకున్న బోస్నియాక్‌కు తన గుమ్మంలో ఎదురైంది ఇల్లు పోగొట్టుకున్న మరో కుటుంబం. యుద్ధాన్ని ముగించిన 1995 డేటన్ ఒప్పందం నేలను రెండు పక్షాలకు 51, 49 శాతాలుగా పంచింది, అందరూ ఇళ్లకు తిరిగి వెళ్లొచ్చనీ రాసింది. యుద్ధం గీసిన గీతను ఉంచి దాని ఫలితాన్ని మాత్రం చెరపమనడం నాకు వింతగానే తోస్తుంది.

ఇంకా దిగువన, నదికి కాస్త ఎడంగా కొండల్లో స్రెబ్రెనిత్సా. 1995 జూలైలో అక్కడ ఎనిమిది వేలమందికి పైగా మగవాళ్లనూ మగపిల్లలనూ చంపారు.

జ్వోర్నిక్ దాటాక కోజ్లుక్ వేరే దారి పట్టింది. 1992 జూన్‌లో ఊరిని మొత్తంగా ఖాళీ చేయించి జనాన్ని దేశం దాటించారు. యుద్ధం ముగిసిన కొన్నేళ్లకు చాలామంది తిరిగొచ్చి కూలిన ఇళ్లు కట్టుకున్నారు. ఇంకా దిగువన ఉన్న యాన్యాకూ అలాగే వచ్చారు. అయితే అక్కడి కొత్త మేడల్లో చాలావాటి యజమానులు విదేశాల్లో కూలినాలి చేసుకుంటూ ఆగస్టు సెలవులకే తాళాలు తీస్తారు.